బర్నర్ వేగం, ఖాళీ డిస్క్ వేగం: ఈ రెండింటికీ పొంతన ఎలా కుదురుతుంది?

సీటీ, ఎంఆర్ఐ స్కాన్ల చిత్రాలు, న్యాయస్థానాలకు సమర్పించే ఆడియో, వీడియో రికార్డులు, పాత పెళ్లి వీడియోల ప్రతులు నేటికీ అనేక చోట్ల సీడీ, డీవీడీల రూపంలోనే చేతులు మారుతున్నాయి. వీటిలో కొన్ని ఒక కంప్యూటర్‌లో తెరుచుకుని, మరొక దానిలో మొరాయిస్తుంటాయి. నింద సాధారణంగా డిస్క్ నాణ్యత మీద పడుతుంది. అయితే బర్నర్‌కూ ఖాళీ డిస్క్‌కూ రాత వేగం విషయంలో పొంతన కుదరకపోవడం కూడా దీనికి ఒక ముఖ్య కారణం.

పెట్టెల మీద కనిపించే 52ఎక్స్, 16ఎక్స్ వంటి అంకెలు ఒకే కొలమానానికి చెందినవి కావు. సీడీకి 1ఎక్స్ అంటే సెకనుకు 150 కిలోబైట్లు. డీవీడీకి సుమారు 1,385 కిలోబైట్లు. బ్లూ-రేకి సుమారు 4.5 మెగాబైట్లు. కాబట్టి 16ఎక్స్ డీవీడీ సెకనుకు దాదాపు 22 మెగాబైట్లు స్వీకరిస్తే, 52ఎక్స్ సీడీ స్వీకరించేది 8 మెగాబైట్లకు లోపే. పైగా ఆ గరిష్ఠ వేగం డిస్క్ అంతటా ఉండదు. అధిక వేగాల్లో బర్నర్ డిస్క్‌ను ఒకే భ్రమణ వేగంతో తిప్పుతుంది. లోపలి వలయాల వద్ద నెమ్మదిగా మొదలైన రాత, చుట్టుకొలత పెరిగే కొద్దీ పుంజుకుని వెలుపలి అంచు వద్ద మాత్రమే 52ఎక్స్‌ను అందుకుంటుంది.

ఒకసారి మాత్రమే రాయగల డిస్క్‌లలో సాధారణంగా సేంద్రియ రంజకపు పలుచని పొర ఉంటుంది. లేజర్ వేడికి ఆ రంజకంలో శాశ్వతమైన మార్పు కలిగి గుర్తుగా నిలుస్తుంది. వేగం పెరిగితే ఒక్కో గుర్తుకు దక్కే సమయం తగ్గుతుంది. ఆ లోటును పూడ్చడానికి లేజర్ శక్తి పెరగాలి, రంజకమూ త్వరగా స్పందించాలి. అంటే 16ఎక్స్ డిస్క్, 4ఎక్స్ డిస్క్ పైకి ఒకేలా కనిపించినా వాటి స్వభావాలు వేరు.

ఈ తేడా బర్నర్‌కు తెలిసే మార్గం డిస్క్‌లోనే ఉంది. ఖాళీ డిస్క్ మీద తయారీ సమయంలోనే ఏర్పరచిన గాడిలో, ఉత్పత్తిదారు సంకేతమూ వేగానికి సంబంధించిన వివరాలూ నమోదై ఉంటాయి. బర్నర్ ముందుగా వాటిని చదివి, తన ఫర్మ్‌వేర్‌లోని పట్టికతో పోల్చుకుంటుంది. ఆ డిస్క్ తెలిసినదైతే దానికి తగిన లేజర్ పద్ధతిని ఎంచుకుంటుంది. కానిపక్షంలో సాధారణ పద్ధతితో, తరచుగా తక్కువ వేగంతో సరిపెట్టుకుంటుంది. ఆపై డిస్క్ లోపలి భాగంలో ఇందుకే కేటాయించిన చోట చిన్న పరీక్ష జరిపి లేజర్ శక్తిని సరిచేసుకుంటుంది. 20ఎక్స్ బర్నర్ 16ఎక్స్ డిస్క్‌ను 8ఎక్స్‌తోనే రాస్తున్నదంటే అది తప్పనిసరిగా లోపం కాదు, చాలా సార్లు జాగ్రత్త.

ఈ పట్టిక పాతబడితే ఏమవుతుందో 2002లో వెల్లడైంది. 4ఎక్స్ డీవీడీ-ఆర్ డిస్క్‌లు మార్కెట్లోకి వస్తున్న సమయంలో, అవి తన పాత తరం బర్నర్లను దెబ్బతీసే ప్రమాదం ఉందని పయనీర్ సంస్థ హెచ్చరించి, ఫర్మ్‌వేర్‌ను నవీకరించుకోవాలని వినియోగదారులకు సూచించింది. డిస్క్ మీది అంకె పెద్దదైతే ఏ బర్నర్‌లోనైనా పనిచేస్తుందన్న నమ్మకానికి అది గట్టి దెబ్బ.

తిరిగి రాయగల సీడీల విషయంలో నిబంధన మరింత కఠినం. వీటిలో సాధారణ, హై స్పీడ్, అల్ట్రా స్పీడ్ అనే తరగతులున్నాయి. అల్ట్రా స్పీడ్ డిస్క్‌ను పాత బర్నర్ చదవగలిగినా దాని మీద రాయలేదు.

వేగం ఎంత తక్కువైతే రాత అంత మేలన్నది విస్తృతంగా వ్యాపించిన అభిప్రాయం. 1ఎక్స్, 2ఎక్స్ కాలానికి అందులో కొంత నిజం ఉండేది. అధిక వేగానికి రూపొందిన రంజకం మీద అతి నెమ్మదిగా రాస్తే గుర్తుల నాణ్యత క్షీణించవచ్చు. అనేక బర్నర్లు అసలు ఆ వేగాలను అనుమతించవు. 16ఎక్స్ డీవీడీకి 8ఎక్స్, 52ఎక్స్ సీడీకి 16 నుంచి 24ఎక్స్ వంటి మధ్యస్థ వేగాలే ఆచరణలో భద్రమైనవి. 4.7 గిగాబైట్ల డీవీడీని 16ఎక్స్‌తో రాస్తే ఐదారు నిమిషాలు, 8ఎక్స్‌తో ఎనిమిది తొమ్మిది నిమిషాలు పడుతుంది. ఆదా అయ్యే ఆ మూడు నిమిషాల కోసం స్కాన్ చిత్రాలను పణంగా పెట్టడంలో అర్థం లేదు.

కంప్యూటర్ తగినంత వేగంగా సమాచారం అందించలేక డిస్క్ మధ్యలోనే పాడవడం ఒకప్పుడు నిత్యకృత్యం. 2000 ప్రాంతంలో సాన్యో తెచ్చిన బర్న్-ప్రూఫ్, దాని తరహా ఇతర పద్ధతులు ఆ బెడదను చాలావరకు తొలగించాయి.

రాత ముగిసిన తర్వాత డిస్క్‌లోని సమాచారాన్ని మూలంతో పోల్చి చూసే వెరిఫై దశను మాత్రం ఎంతో మంది వదిలేస్తారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఇచ్చే ధ్రువపత్రంలో దాని హ్యాష్ విలువను పేర్కొనాలి. ఫైల్‌లో ఒక్క బిట్ మారినా ఆ విలువ మారిపోతుంది. చదవడంలో తడబడే డిస్క్ అక్కడ కక్షిదారును ఇరుకున పెట్టగలదు.

ఖాళీ డిస్క్ కొనేటప్పుడు బ్రాండ్ పేరు ఒక్కటే ఆధారం కాదు. ఒకే బ్రాండ్ వేర్వేరు కర్మాగారాల సరుకును తన పేరుతో విక్రయించవచ్చు. ఒకప్పుడు ప్రపంచంలోని అతి పెద్ద ఉత్పత్తిదారుల్లో ఒకటైన మన దేశపు మోజర్ బేర్‌ను మూసివేయాలని 2018లో జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ ఆదేశించింది. రికార్డు చేయగల బ్లూ-రే డిస్క్‌ల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో నిలిపివేసింది. దుకాణాల్లో ఉన్నది పాత నిల్వ కావచ్చు. ఒక్క డిస్క్ తెచ్చి, ఇమ్‌గ్‌బర్న్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చూస్తే అసలు ఉత్పత్తిదారు సంకేతమూ, ఆ బర్నర్ దానికి అనుమతించే వేగాలూ తెర మీద కనిపిస్తాయి. మిగిలిన పెట్టె కొనాలో వద్దో ఆ తర్వాత నిర్ణయించుకోవచ్చు.