బెల్టు పంకా, కరెంటు పంకా

కారులో రేడియేటరు వెనుకనుండే పంకాను ఇంజనే తిప్పవలెనా, విద్యుత్తు తిప్పవలెనా అన్నది పైకి చిన్న ప్రశ్నే. కానీ జవాబు స్థిరపడడానికి అర్ధశతాబ్దానికి పైగా పట్టింది.

1908 నాటి ఫోర్డ్ మోడల్ టీలో పంకా ఇంజనుకు తగిలించిన బెల్టుతో తిరిగేది. 1950ల చివర మన దేశంలో తయారవడం మొదలైన అంబాసిడరులోనూ అదే పద్ధతి. నీటి పంపునూ, దాని ముందున్న పంకానూ, డైనమోనూ ఒకే బెల్టు తిప్పేది. బెల్టు తెగితే వెలిగేది బ్యాటరీ ఛార్జింగుకు సంబంధించిన ఎర్రదీపం. అనుభవం గల డ్రైవరు దానిని చూడగానే బండిని పక్కకు తీసేవాడు. ఇక నీళ్ళు మరగడం నిమిషాల మాట అని అతనికి తెలుసు.

ఈ ఏర్పాటులో ఒక వింత ఉంది. బండి వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటరును చల్లబరుస్తుంది. పంకా ఉరుకులు పెట్టేది సరిగ్గా అప్పుడే. మండుటెండలో రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు గాలి ఉండదు, ఇంజనుతో పాటు పంకా కూడా నీరసించిపోతుంది. ఆకలైనప్పుడు కనబడక, కడుపు నిండాక కొసరి కొసరి వడ్డించే బంధువు వంటిదన్నమాట! పైగా పంకా వేగం రెట్టింపైతే అది మింగే శక్తి సుమారు ఎనిమిది రెట్లవుతుంది. అక్కరలేని చోటనే ఇంధనం ఎక్కువగా ఖర్చు.

మరి విద్యుత్ పంకా ముందే ఎందుకు వాడుకలోకి రాలేదు? మోటారు చేయడం తెలియక కాదు. అసలు అడ్డంకి డైనమో అని నా అభిప్రాయం. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు డైనమో ఇచ్చే విద్యుత్తు బహు స్వల్పం. ఆగిన బండిలో పంకా తిప్పితే ఆ భారమంతా బ్యాటరీ మీదనే పడుతుంది. తక్కువ వేగంలోనూ ఛార్జింగు ఇవ్వగల ఆల్టర్నేటరు 1960 నాటి ప్లిమత్ వాలియంట్‌తో మామూలు కార్లలోకి రాసాగింది.

రెండవ కారణం ఇంజను అడ్డం తిరగడం. 1959లో వచ్చిన మినీ కారులో అలెక్ ఇసిగోనిస్ ఇంజనును అడ్డంగా అమర్చాడు. పంకా ఇంజను కొసనే ఉండాలి గనుక రేడియేటరునే పక్కకు తిప్పి, ముందు చక్రం దగ్గర ఇరికించాడు. పంకా కోసం రేడియేటరు దిక్కు మార్చుకోవలసి వచ్చిందన్నమాట. తరువాతివారు, ఉదాహరణకు 1974 నాటి ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ రూపకర్తలు, రేడియేటరును ముందుకు తెచ్చి పంకాకు విడిగా మోటారు పెట్టారు.

మన దేశంలో ఈ మార్పు మధ్యతరగతి ఇళ్ళకు చేరింది 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800తో. అడ్డంగా ఇంజను, ముందు రేడియేటరు, నీటి వేడిని కనిపెట్టే స్విచ్చు ఆనతిస్తేనే తిరిగే పంకా. ఆ విద్యుత్తు కూడా ఇంజను నుండి వచ్చేదే, మధ్యలో కొంత నష్టపోయి మరీ. లాభమంతా అక్కరలేనప్పుడు ఆగగలగడంలోనే ఉంది.

పెద్ద లారీలలో మాత్రం ఇంజను పంకా నిలిచే ఉంది. దానికి పదుల హార్స్‌పవర్ల శక్తి కావాలి. 24 వోల్టుల బ్యాటరీ వ్యవస్థ అంత భారం మోయలేదు. అందువలన అక్కడ పంకాకూ ఇంజనుకూ నడుమ సిలికాన్ ద్రవం నింపిన క్లచ్చును పెట్టారు. వేడి తగ్గితే అది పట్టు సడలిస్తుంది, పంకా నెమ్మదిస్తుంది.