మేఘాలు తగ్గాయా, చూపు మారిందా? ప్రపంచ మేఘ దత్తాంశంలో క్రమాంకనం

భూమి మీద ఎప్పుడు చూసినా దాదాపు మూడింట రెండు వంతుల మేర మబ్బు పట్టి ఉంటుంది. ఈ మాట ఇంత ధీమాగా చెప్పగలుగుతున్నామంటే అందుకు ముఖ్య ఆధారాల్లో ఒకటి అంతర్జాతీయ ఉపగ్రహ మేఘ శీతోష్ణస్థితి ప్రాజెక్టు. ప్రపంచ శీతోష్ణస్థితి పరిశోధన కార్యక్రమం చేపట్టిన తొలి ప్రాజెక్టు ఇదే. 1982లో ఏర్పడి, 1983 జులై 1 నుంచి దత్తాంశ సేకరణ మొదలుపెట్టింది. న్యూయార్క్‌లోని నాసా గొడ్డార్డ్ సంస్థలో విలియం రోసో బృందం దీన్ని దశాబ్దాల పాటు నడిపింది. ఒక్క దేశపు ఉపగ్రహంతో అయ్యే పని కాదు. అమెరికా, ఐరోపా, జపాన్ భూస్థిర ఉపగ్రహాలు, వాటితోపాటు ధ్రువకక్ష్యలో తిరిగే అమెరికా నోవా (NOAA) ఉపగ్రహాలు తీసిన చిత్రాలను మూడు గంటలకోసారి, దాదాపు 30 కిలోమీటర్లకు ఒక బిందువు చొప్పున ఏరి ఒక్కచోట కుప్పపోశారు.

ఆ కుప్ప లోంచి వచ్చిన గ్రాఫుల్లో ఒకటి పెద్ద చర్చకే దారితీసింది. 1980ల చివరి నుంచి 2000 వరకు ప్రపంచ మేఘావరణం సుమారు 4 శాతం తగ్గినట్టు అది చూపించింది. నాలుగు శాతమే కదా అని తీసిపారేయడానికి లేదు. మేఘాలు సూర్యకాంతిని వెనక్కి కొట్టి భూమిని చల్లబరుస్తాయి, కింది వేడిని పట్టి ఉంచి వెచ్చబరుస్తాయి కూడా. రెండూ పోగా మిగిలేది చదరపు మీటరుకు 13 వాట్ల చల్లదనమని వీరభద్రన్ రామనాథన్ బృందం 1989లో ఉపగ్రహ కొలతలతో లెక్కగట్టింది. ఆ తర్వాతి కొలతల్లో ఈ అంకె ఇంకా పెరిగింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే పడే ప్రభావం చదరపు మీటరుకు దాదాపు 4 వాట్లు. కాబట్టి మేఘాలు నిజంగా అంత తగ్గి ఉంటే శీతోష్ణస్థితి శాస్త్రం తన పద్దులన్నీ తిరగరాసుకోవలసిందే.

ఆ తరుగుదలలో పెద్ద వాటా ఆకాశానిది కాదు, చూసిన కంటిదీ చూసిన కోణానిదీ అన్నది ఈ వ్యాసం వాదన. క్రమాంకనాన్ని, అంటే క్యాలిబ్రేషన్‌ను, అనుబంధంలో వేసి ముందుకు పోవడం మన పరిశోధన పత్రాల్లో మామూలైపోయింది. నా మటుకు నాకు అసలు పరిశోధన ఆ అనుబంధంలోనే ఉందనిపిస్తుంది.

అంకె నుంచి వెలుగుకు

ఉపగ్రహం కిందికి పంపేది వెలుగు కాదు, ఉష్ణోగ్రతా కాదు, ఒట్టి అంకె. నోవా ఉపగ్రహాల మీది ఏవీహెచ్ఆర్ఆర్ పరికరం ఒక్కో బిందువుకు 0 నుంచి 1023 లోపు ఒక కౌంటు ఇస్తుంది. ఏమీ లేని చీకటి అంతరిక్షాన్ని చూసినప్పుడు కూడా దృశ్యకాంతి చానల్లో అది సున్నా చూపదు, దాదాపు 40 చూపుతుంది. ముందు ఆ 40 తీసేయాలి. లెక్క సులువుగా ఉండేందుకు మిగిలిన ఒక్కో కౌంటు 0.1 శాతం పరావర్తనానికి సమానం అనుకుందాం. 340 కౌంటు వచ్చిన బిందువు 30 శాతం వెలుగును వెనక్కి పంపుతోందన్నమాట. ఇప్పుడా కన్ను ఏడాదికి 5.9 శాతం చొప్పున మసకబారుతోందనుకుందాం. రెండేళ్లు గడిచాక అదే నేల, అదే ఎండ, అయినా 300 రావలసిన చోట 265 దాకానే వస్తుంది. సరిచేయకపోతే 30 శాతం కాస్తా 26.5 శాతం అవుతుంది. నేల నల్లబడలేదు, కన్ను మసకబారింది.

కౌంటు లెక్క ఊహే గాని 5.9 శాతం ఊహ కాదు. ఈ పరికరానికి దృశ్యకాంతి చానల్‌ను కక్ష్యలో సరిచూసుకునే ఏర్పాటు లేదు. అందుకని ఏళ్ల తరబడి మారని నేలను వెతికి, లిబియా ఎడారిని తూకపురాయిగా పెట్టుకున్నారు. (పేరుకు లిబియా ఎడారే గాని, రావు, చెన్‌లు 1995లో వాడిన ముక్క 28-29 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్య, ఈజిప్టు నేల మీద ఉంది.) ఆ ఇసుకతో పోల్చగా నోవా-7 ఏడాదికి 3.6 శాతం, నోవా-9 5.9 శాతం, నోవా-11 1.2 శాతం చొప్పున మసకబారినట్టు తేలింది. ఒకే నమూనా మీద తయారైన పరికరాలు, మూడూ మూడు తీర్లు. ఒకదానికి కట్టిన లెక్క ఇంకొకదానికి అతికించే వీల్లేదు.

పరారుణ చానళ్ల పరిస్థితి మెరుగు. వేడి తెలిసిన కృష్ణవస్తువు ఒకటి పరికరంలోనే ఉంటుంది. ప్రతి వరుస స్కానులోనూ అద్దం ఒకసారి దాన్ని, ఒకసారి ఖాళీ అంతరిక్షాన్ని చూసి తన తక్కెడ సరిచూసుకుంటుంది.

ఇంత పట్టుదల దేనికంటే మబ్బును గుర్తుపట్టే గీత అంత సన్నది. ఈ ప్రాజెక్టు పద్ధతిలో ఒక చోటు నిర్మలంగా ఉన్నప్పుడు ఎలా కనిపిస్తుందో ముందు కట్టుకుని, దానితో ప్రతి బిందువునూ పోలుస్తారు. సముద్రం మీద నిర్మల స్థితి కంటే 2.5 డిగ్రీలు చల్లగా ఉన్నా, పరావర్తనం 0.03 ఎక్కువగా ఉన్నా అది మబ్బు. నేల వేడి గంటగంటకూ మారుతుంది గనుక అక్కడ 6 డిగ్రీల తేడా కావాలి. పరికరం తప్పు ఈ గీతల దరిదాపుల్లోకి వచ్చిందంటే లేని మబ్బు పుడుతుంది, ఉన్న పలుచని మబ్బు మాయమవుతుంది.

తూకపురాయినే తూచాల్సి వస్తే

ఇన్ని ఉపగ్రహాల్లో ఎవరిని నమ్మాలి? భూమధ్యరేఖను మధ్యాహ్నం పూట దాటే నోవా ఉపగ్రహాన్ని పెద్దగా పెట్టుకుని, భూస్థిర ఉపగ్రహాలు ఒక్కొక్కదాన్నీ దానితో సరిపోల్చే పనిని ఫ్రాన్స్‌లో లానియోన్ కేంద్రం చేసింది. నోవాలలో నోవా-9ది ప్రమాణ స్థానం. న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్ తెల్ల ఇసుక మీద, చాలా ఎత్తున ఎగిరే ఈఆర్-2 విమానంతో కొలిచి ఆ ప్రమాణం స్థిరపరిచారు.

ఒక నోవా పోయి ఇంకొకటి వచ్చినప్పుడు ప్రమాణం చేయి మారాలి. అది ప్రతిసారీ సాఫీగా సాగలేదు. 1993 ఆగస్టులో నోవా-13 పైకి వెళ్లిన కొద్దిరోజులకే మూగబోయింది. దాంతో వయసుమీరిన నోవా-11 మీదే భారం పడింది. అప్పటికే దాని దాటే వేళ మధ్యాహ్నం నుంచి సాయంత్రానికి జారిపోతోంది. అదీ 1994 సెప్టెంబరులో ఆగిపోయింది. నోవా-14 ప్రయోగం డిసెంబరు 30న గాని జరగలేదు. మధ్య నెలల్లో ఉదయం పూట దాటే నోవా-12తో నెట్టుకొచ్చారు.

క్రిస్టఫర్ బ్రెస్ట్, రోసోలు ఈ అతుకులను సరిచేయడానికి ఎంచుకున్న మార్గం తెలివైనది, ఇబ్బందికరమైనదీ. ఏదో ఒక ఎడారిని కాదు, మొత్తం భూతలాన్నే వాళ్లు కొలబద్దగా తీసుకున్నారు. భూతలపు సగటు పరావర్తనం ఏళ్లతో మారదని అనుకుని, మారినట్టు కనిపించినదాన్ని పరికరం ఖాతాలో వేశారు. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలి ఆకాశమంతా సన్నని పొర పరిచినప్పుడు ఈ ఊహకు గట్టి పరీక్షే ఎదురైంది. అంతకన్నా లోతైన చిక్కు తర్కంలోనే ఉంది. మార్పు లేదన్న ఊహతో సరిచేసిన దత్తాంశాన్ని తీసుకొచ్చి నెమ్మదిగా జరిగే మార్పుకు సాక్ష్యం పలకమంటే ఎలా? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, అలాంటి చిక్కే ఇది. ఇందులో పద్ధతి కట్టినవాళ్ల తప్పు లేదు. మేఘాల తీరును, రుతువులతో వాటి రాకపోకలను చూడటానికి అది చక్కగా సరిపోతుంది. దశాబ్దాల వాలును దానిలోంచి పిండాలని చూసినవాళ్లదే తొందరపాటు.

హిందూ మహాసముద్రం మీది ఖాళీ

క్రమాంకనం ఎంత బాగా చేసినా తొలగని దోషం ఇంకొకటుంది, చూసే కోణం. సరుగుడు తోట గట్టు మీద నిలబడి చూస్తే చెట్ల మధ్య సందే కనిపించదు, అంతా ఒకే పచ్చగోడ. పైనుంచి చూస్తే సాళ్ల మధ్య నేలంతా తెలుస్తుంది. చిన్న చిన్న మబ్బుతునకలూ అంతే. ఉపగ్రహం తన చిత్రం అంచున ఏటవాలుగా చూసే చోట మేఘావరణం ఎక్కువగా లెక్కకొస్తుంది, నిట్టనిలువున చూసే చోట తగ్గుతుంది.

ఇది మనకు దగ్గరి వ్యవహారం. అయిదు భూస్థిర ఉపగ్రహాలతో భూమధ్యరేఖను చుట్టేయాలన్న మొదటి ఆలోచనలో అయిదోది భారతదేశపు ఇన్సాట్. ప్రాజెక్టు మొదలైన రెండు నెలలకే, 1983 ఆగస్టు 30న ఇన్సాట్-1బి పైకి వెళ్లింది కూడా. అయినా ఆ చిత్రాలు ఈ అంతర్జాతీయ సేకరణలోకి దాదాపుగా రాలేదు. పదిహేనేళ్లపాటు మన రుతుపవన సముద్రం అటు ఐరోపా మీటియోశాట్‌కూ ఇటు జపాన్ ఉపగ్రహానికీ అంచుచూపులోనే ఉండిపోయింది, మిగతా పని ధ్రువకక్ష్య ఉపగ్రహాలు చేశాయి. రామనాథన్ తదితరుల నాయకత్వంలో ఇండోయెక్స్ అనే హిందూ మహాసముద్ర ప్రయోగం జరగబోతున్నందున 1998లో మీటియోశాట్-5ను 63 డిగ్రీల తూర్పుకు జరిపారు. అప్పటివరకూ ఏటవాలుగా చూసిన సముద్రాన్ని ఇక నడినెత్తి నుంచి చూడటం మొదలైంది.

అమాటో ఇవాన్, ఆండ్రూ హైడింగర్, డేనియల్ విమాంట్ 2007లో చేసిన పని నాకు చాలా ఇష్టం. ప్రపంచ సగటులోని తరుగుదలకు ఏ ప్రాంతం ఎంత తోడ్పడిందో వాళ్లు పటం మీద పరిచి చూశారు. అందులో కనిపించినవి తుపాను దారులు కావు, ఎడారులు కావు, భూస్థిర ఉపగ్రహాలు చూసే వృత్తాల అంచులు. ప్రకృతి అలా వృత్తలేఖినితో గీసినట్టు గుండ్రాలు గీయదు.

అంతమాత్రాన దత్తాంశమంతా చెత్తబుట్టకని కాదు. జోయెల్ నోరిస్ బృందం ఈ కృత్రిమ దోషాలను తీసేసి 2016లో తిరిగి చూసినప్పుడు, నడిమి అక్షాంశాల తుపాను మేఘాలు ధ్రువాల వైపు జరగడం, ఎత్తైన మేఘాల శిఖరాలు ఇంకా పైకి పోవడం ఒకటికి మించిన దత్తాంశాల్లో నిలిచాయి. ప్రపంచ సగటు మీద నమ్మకం సడలింది, పంపిణీలోని మార్పు మీద బలపడింది.

2002లో కల్పన-1, 2016లో ఇన్సాట్-3డీఆర్, 2024లో ఇన్సాట్-3డీఎస్ శ్రీహరికోట నుంచే వెళ్లాయి. వాటి దృశ్యకాంతి చానళ్లను సరిచూసుకోవడానికి లిబియా దాకా పోనక్కర్లేదు, కచ్ రణ్‌లో తెల్లటి ఉప్పు నేల ఉంది. ఇన్సాట్-3డీ పరికరాన్ని అక్కడ సరిచూసిన అనుభవమూ మనకుంది. ఈ రంగంలోకి వచ్చే తెలుగు విద్యార్థులను నేను కోరేది ఒకటే. మేఘాల గ్రాఫు గీసిన ప్రతిసారీ దాని కింద ఉపగ్రహాలు మారిన తేదీలు కూడా గుర్తుపెట్టండి. 1994 సెప్టెంబరును, 1998ని మాత్రం వదలొద్దు.