గుఱ్ఱపుపిల్ల కడుపులోని ప్రతిధ్వని

పాల్వంచ సంస్థానాధిపతులైన అశ్వారావుల పేరు మోయుచున్న అశ్వారావుపేట ఖమ్మపు అడవుల యంచున నేటికిని ఉన్నది గాని, ఆ సీమలో పశువైద్యుని గడప త్రొక్కునవి గేదెలు, ఎడ్లు, మేకలే, గుఱ్ఱములు అరుదు. భద్రాచలపు దారిలో గుఱ్ఱపుపిల్లను చూడగోరువానికి నిరాశయే మిగులును. కావున అప్పుడే పుట్టిన అశ్వశిశువు ప్రేగులను అల్ట్రాసౌండుతో పరీక్షించు విద్య మన ప్రాంతమున పుట్టినది కాదని చెప్పుటకు సంకోచింప నక్కఱలేదు. అది సముద్రగర్భమున మొదలై, ఉక్కును దాటి, స్త్రీగర్భమును దాటి, పిదపనే పశుశాలను చేరినది.

అశ్వశాస్త్రము మాత్రము మనవారికి క్రొత్తది కాదు. శాలిహోత్రుని పేర వెలసిన సంస్కృత గ్రంథములు అటుండగా, తెలుగున మనుమంచిభట్టు రచించిన హయలక్షణవిలాసము కలదు. మేనివన్నె, సుడులు, నడక మున్నగు బాహ్యలక్షణములను బట్టి గుఱ్ఱమును ఎంచుట ఆ విద్యకు ప్రాణము. లోపలి రోగమును ఊహించుటకు వైద్యునికి కన్ను, చెవి, చేయి తప్ప వేఱు సాధనము లేకుండెను. ఎదిగిన గుఱ్ఱమునకు శూల పుట్టినయెడల గుదద్వారమున చేయి చొనిపి ప్రేగులను తడవి చూచుట నేటికిని ఉన్న పద్ధతియే. సుమారు ఏబది కిలోలు మాత్రమే తూగు పసికూనయందు ఆ చేయి పట్టదు. ఈ యిబ్బందికి విరుగుడుగా ధ్వని వచ్చిన మార్గము మిక్కిలి వంకరయైనది.

1880లో పియేరు క్యూరీయు, అతని యన్న జాక్ క్యూరీయు క్వార్ట్జు వంటి స్ఫటికములను నొక్కినయెడల విద్యుత్తు జనించునని కనుగొనిరి. ఆ గుణమునే త్రిప్పి, విద్యుత్తుతో స్ఫటికమును కంపింపజేసి, మానవశ్రవణమునకు అందని ధ్వనిని నీటిలోనికి పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనిచే శత్రువుల జలాంతర్గాములను పసిగట్టుటకు మొదటి ప్రపంచయుద్ధకాలమున పాల్ లాంజవేన్ యత్నించెను. పిమ్మట కర్మాగారములలో ఉక్కులోని పగుళ్ళను వెదకుటకు అదే ధ్వని ఉపయోగపడినది. గ్లాస్గోలోని ప్రసూతి వైద్యుడు ఇయాన్ డోనాల్డు 1955లో శస్త్రచికిత్సలో తీసిన కణితులను కారులో పెట్టుకొని ఒక బాయిలర్ల కర్మాగారమునకు పోయి, లోహపరీక్షాయంత్రముతో వానిని పరీక్షించెనట. పోల్చిచూచుటకు ఆవుమాంసపు ముక్కనొకదానిని గూడ పరీక్షించెను! శాస్త్రచరిత్రలో నింతటి నిరాడంబరమైన ప్రారంభములు అరుదుగా గాని కానరావు. 1958లో అతడును సహచరులును ప్రకటించిన వ్యాసము వైద్యలోకమును మేల్కొలిపినది.

పశువులకు ఈ విద్య గర్భనిర్ధారణకై వచ్చినది: 1966లో లిండాల్ గొఱ్ఱెల చూలును అల్ట్రాసౌండుతో గుర్తించెను; 1980లో ఫ్రాన్సున పామర్, డ్రియాంకూర్ అనువారు కదలుచిత్రపు యంత్రముతో గుఱ్ఱపు చూలును తొలిదినములలోనే చూచిరి. గర్భములోని పిల్లను చూచినవారు పుట్టిన పిల్ల కడుపుపై దృష్టి సారించుట యిక ఆలస్యము కాలేదు. 1989లో బెర్నార్డు, రీఫ్ మున్నగువారు మూడు గుఱ్ఱపుపిల్లలలో చిన్నప్రేగు ప్రేగులోనికే చొచ్చుకొనిపోయిన స్థితిని ఈ విధముగ గుర్తించినట్లు ప్రకటించిరి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు చెందిన ఆ వర్జీనియా రీఫే ఈ విద్యపై 1998లో వెలువరించిన గ్రంథము అశ్వవైద్యులకు ప్రామాణికమైనది.

చేతికి చిక్కని చిన్నతనమే ధ్వనికి అనుకూలమైనదగుట ఇందలి చమత్కారము. కంపనసంఖ్య పెరిగినకొలది చిత్రము స్ఫుటమగును, చొచ్చుకొనిపోవు లోతు తగ్గును. పెద్దగుఱ్ఱపు ఉదరమునకు రెండు మూడు మెగాహెర్ట్జుల తక్కువ కంపనసంఖ్యగల ధ్వని అవసరముకాగా, పిల్లయొక్క పలుచని కడుపుగోడకు ఏడున్నర, పది మెగాహెర్ట్జుల ప్రోబు (ధ్వనిని పంపి ప్రతిధ్వనిని గ్రహించు పనిముట్టు) చాలును. వెండ్రుకలు గొఱిగి, లేదా స్పిరిటుతో తడిపి, జెల్లు పూసి చూచినచో, చిన్నప్రేగు గోడ మందము మూడు మిల్లీమీటర్లకు లోబడియున్నదా, ఉబ్బినదా, కదలుచున్నదా, కదలక స్తంభించినదా అనునవి తెలియును. ప్రేగులో ప్రేగు చొచ్చుకొన్నప్పుడు గాజులో గాజు ఇమిడినట్లు వలయములు కానవచ్చును. పుట్టిన పిల్ల మొదట విడువవలసిన నల్లని జిగురుమలము లోపల గడ్డకట్టి నిలిచినను, మూత్రాశయము పగిలి కడుపులో నీరు చేరినను ఇట్లే బయటపడును.

ఐనను ధ్వనికి వాయువు పరమశత్రువు. వాయువు నిండిన పెద్దప్రేగు అడ్డుపడినచో దాని వెనుకనున్నది కానరాదు. ఒకనాటి చిత్రము మఱి కొన్ని గంటలకు మారిపోవుటయు కలదు. అందుచేత అనుభవజ్ఞులు ప్రోబును మరల మరల పెట్టి చూతురు. ఎక్స్‌రేను, రక్తపరీక్షను, నాడివేగమును, పిల్ల పాలు గుడుచుచున్నదా లేదా అను చిన్న విషయమును గూడ కలుపుకొని గాని కత్తి పట్టుటకు నిర్ణయింపరు.