నగరములును జనసమ్మర్దమును

లోకమందలి మహానగరములలో మిక్కిలి యిఱుకైన దేది యని యడిగినచో మనలో ననేకులు ముంబయి యని తడుముకొనక చెప్పుదురు. పారిసు పేరు వినఁగానే విశాలమైన వీథులును, చెట్లనీడలును, నదీతీరమును మనస్సునకుఁ దోఁచునే కాని యిఱుకుదనము తోఁపదు. అయినను 2011వ సంవత్సరపు లెక్కలను జూచినచో, పారిసునందు చదరపు కిలోమీటరునకు సుమారు 21,000 మందియు, ముంబయి నగరపాలక సంస్థ యెల్లలలో సుమారు 20,600 మందియు నివసించుచుండిరి. ఈ లెక్కను బట్టి రెండును దాదాపు సమానములు. పారిసే యొకింత యెక్కువ. అంకెలలోఁ బొఱపాటు లేదు. ఆ యంకె దేనిని గొలుచుచున్నదో మనము విచారింపకపోవుటయే పొఱపాటు.

జనసాంద్రత యనఁగా జనసంఖ్యను భూవైశాల్యముచే భాగింపఁగా వచ్చిన ఫలము. జనసంఖ్యను లెక్కలవా రింటింటికిఁ దిరిగి సమకూర్తురు. భూవైశాల్యమో, పాలకులు గీచిన యెల్లను బట్టి యుండును. గీఁత మాఱినచో నగర మొక్కరాత్రిలో విశాల మగును. కాని యే యింటనైనను జానెడు చోటు పెరుగదు. చైనాదేశమందలి చోంగ్‌చింగ్ దీనికిఁ దగిన దృష్టాంతము. 2020వ సంవత్సరపు లెక్కలలో దాని జనసంఖ్య 3 కోట్ల 20 లక్షలు. అందుచే లోకమందెల్ల నదియే పెద్ద నగర మని కొందఱు వ్రాయుదురు. కాని దాని యెల్లలలో కొండలును, వరిపొలములును, పల్లెలును గలసి 82,000 చదరపు కిలోమీటర్లకు మించిన భూమి కలదు. అది దాదాపు ఆస్ట్రియా దేశమంత. కావున దాని సాంద్రత చదరపు కిలోమీటరునకు 400 సంఖ్యకైనను జేరదు.

ఇట్టి చిత్రము మన హైదరాబాదునందును గలదు. 2011 లెక్కలలో హైదరాబాదు జిల్లా వైశాల్యము 217 చదరపు కిలోమీటర్లు, జనసంఖ్య 39 లక్షల 43 వేలు. సాంద్రత 18,000కు మించినది. 2007లో పండ్రెండు పురపాలక సంఘములను జేర్చుకొని యేర్పడిన మహానగరపాలక సంస్థను బట్టి యదే సంవత్సరమున లెక్కించినచో, సుమారు 650 చదరపు కిలోమీటర్లలో 67 లక్షలకుఁ బైఁబడిన జనులుండిరి. సాంద్రత 10,000కుఁ గొంచెము మించును. పాతబస్తీ సందులలో కాపురము చేయు నిల్లాలికి ఈ రెండంకెల భేదమువలనఁ గలిగిన సౌఖ్య మేమి?

ఎల్ల సరిగా గీచినను మఱియొక చిక్కు మిగులును. ముంబయి యెల్లలలో జాతీయోద్యానవనమునకుఁ జేరిన యడవియు, ఉప్పుమడులును, సముద్రపుఁ బాయలయొద్ద మడయడవులును గలవు. జనావాసము లేని యట్టి నేల కూడ లెక్కలోఁ జేరుటచే సగటు తగ్గి కనఁబడుచున్నది. పారిసునకును రెండు పెద్ద వనములు కలవు. నగరమునకుఁ గల 105 చదరపు కిలోమీటర్లలో సుమారు 18 వానివే. వానిని విడిచి లెక్కించినచో పారిసు సాంద్రత 25,000కు మించును. ఇట్లు దిద్దినకొలఁదిని రెండు నగరముల యంకెలును బెరుగునే కాని, పారిసునందలి సామాన్యగృహమునకును ముంబయి పేదవాని గృహమునకును గల యంతరము మనకుఁ దెలియరాదు.

ఆ యంతరము గృహములోపల నున్నది. పారిసునం దైదాఱంతస్తుల మేడలు నగరమంతటను వరుసగా వ్యాపించియున్నవి. నేల కొంచెమే యైనను, ఒకదానిపై నొకటిగాఁ గట్టిన యంతస్తులవలన మనుష్యునకు దక్కు చోటు పెరిగినది. ముంబయిలోనో, 2011 లెక్కల ప్రకారము నూటికి నలువదిమందికిఁ బైగా మురికివాడలలో, నగరభూమిలో మిక్కిలి కొద్దిభాగమున, తలదాఁచుకొనుచుండిరి. నేలమీఁది సాంద్రత వేఱు. గదిలోని సమ్మర్దము వేఱు. మొదటిది పటమునఁ గనఁబడును. రెండవది తలుపు తెఱచి చూచినఁ గాని కనఁబడదు.

ఈ భేదమును గుర్తింపకపోవుటచే బీదలకు గొప్ప కీడు కలిగినది. 1896లో బొంబాయిలో ప్లేగు ప్రవేశించెను. ఇఱుకైన యిండ్లును, గాలి చొరని సందులును రోగమునకు నెలవు లని తలఁచి, 1898లో ప్రభుత్వమువారు నగరాభివృద్ధికై యొక ట్రస్టును స్థాపించిరి. విశాలమైన వీథులు వేయఁబడెను. జనసమ్మర్దము గల పేటలలోని యిండ్లు పడఁగొట్టఁబడెను. ఆ పేటలలో సాంద్రత తగ్గినమాట నిజమే. కాని పడఁగొట్టిన యిండ్లకు సరిపడునన్ని క్రొత్త యిండ్లు కట్టఁబడలేదు. మిల్లులలోను, రేవునందును దినకూలికిఁ బోవువారు పనిచోటు విడిచి దూరముగాఁ బోఁజాలక, ప్రక్కపేటలలోని చాళ్లలో, అనఁగా వరుసగదుల బసలలో, చొరఁబడిరి. ఒక కుటుంబ మున్న గదిలో రెండు కుటుంబములు చేరినవి. పటముమీఁద తగ్గిన సమ్మర్దము గదిలోఁ బెరిగినది. ఆ కాలమున నగరజనులలో నధికసంఖ్యాకు లొంటిగది యిండ్లలోనే కాలము గడుపుచుండిరి.

న్యూయార్కు చరిత్ర మఱియొక మార్గమును జూపుచున్నది. ఆ నగరమందలి మన్‌హాటన్ ద్వీపమున 1910లో 23,31,542 మంది యుండిరి. చదరపు కిలోమీటరునకు 39,000కుఁ బైమాట. కూలిజనుల యద్దెబసలలో వెలుతురెఱుఁగని గదు లనేకములు. 1901లోఁ జేయఁబడిన చట్టము క్రొత్తగాఁ గట్టు బసలలో ప్రతిగదికిని గిటికీయు, ప్రతికాపురమునకును వేఱు మఱుఁగుదొడ్డియు నుండవలె నని విధించెను. 1904లో భూగర్భమున రైలు నడచుట యారంభ మయ్యెను. అయిదు సెంట్ల టిక్కెట్టుతో కూలివాఁడు బ్రూక్లిన్, బ్రాంక్సు ప్రాంతములలో నిల్లు పుచ్చుకొని మన్‌హాటన్‌లోని పనికి వచ్చి పోఁగలిగెను. 1921, 1924 సంవత్సరములలోఁ జేసిన చట్టములచే విదేశములనుండి వచ్చువారి సంఖ్యయుఁ దగ్గెను. 2020 నాఁటికి ద్వీపమందలి జనసంఖ్య 16,94,251కి దిగినది. అయినను నేఁటికి నచ్చటి సాంద్రత 28,000కుఁ దక్కువ కాదు. అనఁగా ముంబయి సగటుకంటె నధికమే. దానిని బట్టి యచ్చటి సామాన్యుఁడు ముంబయి మురికివాడవానికంటె నిఱుకున నున్నాఁ డని యెవ్వరును జెప్పఁజాలరు.

కావున జనులు దగ్గఱగా నుండుటయే కీడు గాదు. దగ్గఱగా నుండుటచేతనే పాఠశాలయు, వైద్యశాలయు, నీటిగొట్టమును, రైలును తక్కువ వ్యయముతో నందఱకు నందును. కీడెల్ల నొక గదిలోఁ బదిమంది యుండుటలోఁ గలదు. ఆ గదిలోనే పొయ్యి పొగయును. ఆ గదిలోనే బాలెంత పరుండును. ఆ మూలనే ముసలివాఁడు దగ్గును. ఆ దీపముకడనే పిల్లవాఁడు చదువుకొనవలయును. పురుషుఁడు పగటివేళ పనికై వెలుపలికిఁ బోవును. దినమంతయు నా గదిలో వేఁగునది స్త్రీయే. ఆమె కష్టము చదరపు కిలోమీటర్ల లెక్కలోఁ గానరాదు.

ఏ నగరమునందైనను వీథి వెడల్పు చేయుటకో, పేట ఖాళీ చేయించుటకో యధికారులు పూనుకొని సాంద్రత తగ్గించెద మని చెప్పినపుడు, విద్యావంతులైన గృహస్థులు కొన్ని ప్రశ్నలు వేయవలసియున్నది. ఒక్కొక్క గదికి నెందఱు? ఆ గదికిఁ గిటికీ కలదా? ఒక కుళాయి నెన్ని కుటుంబములు పంచుకొనుచున్నవి? ఇప్పుడు లేవఁగొట్టఁబడు వారికి, పనిచోటునకుఁ బోవుటకు వీలైన దూరమున, వేఱిల్లు ముందుగా సిద్ధమైయున్నదా? ఈ చివరి ప్రశ్నకుఁ బ్రత్యుత్తరము రానంతవఱకు నొక్క గోడనైనను బడఁగొట్టనీయరాదు.