అల్యూమినియం రేకు, దాన్ని పోసే రోలర్లు

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు మాత్రమే కాదు. మనం రోజూ వాడే వస్తువులకూ చరిత్ర ఉంది. మాత్రల అట్ట వెనుక మెరిసే రేకు, హోటల్లో ఇడ్లీలు చుట్టి ఇచ్చే రేకు, రెండూ అల్యూమినియమే. ఆ రేకు ఎట్లా వచ్చిందో ఈ వ్యాసంలో రాస్తున్నాను.

పాత పద్ధతిలో లోహాన్ని కరిగించి లావు దిమ్మెగా పోసేవారు. దాన్ని మళ్ళీ వేడి చేసి ఎన్నోసార్లు రోలర్ల కింద నలిపితే పలచనయ్యేది. దానికి చాలా ఇంధనం ఖర్చు. 1857లో ఇంగ్లండుకు చెందిన హెన్రీ బెస్సెమర్ వేరే దారి ఆలోచించాడు. కరిగిన లోహాన్నే రెండు రోలర్ల మధ్య పోస్తే నేరుగా రేకు రావాలి కదా! చూసేదానికి చెరుకు రసం మిషను లాంటిదే. కానీ అతను ఎంచుకున్నది ఇనుము. అది కరగడానికి సుమారు 1500 డిగ్రీల వేడి కావాలి. అప్పటి యంత్రాలతో ఆ పని నిలవలేదు.

అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరూ ఎవరికి వారే విద్యుత్తుతో దాన్ని తీసే పద్ధతి కనిపెట్టాక అది చవకైంది. 1950ల్లో అమెరికాలో జో హంటర్ బెస్సెమర్ ఆలోచనను అల్యూమినియంతో నిజం చేశాడు. ఫ్రాన్సులోని పెషినే కంపెనీ కూడా అట్లాంటి యంత్రాలు తయారు చేసింది.

ఇక్కడ అసలు కష్టం రోలరుదే. అది రేకును నొక్కాలి, చల్లార్చాలి కూడా. అందుకే లోపలి ఇరుసుకు నీళ్ళు పారే కాలువలు తీస్తారు. ఎద్దులబండి చక్రానికి కమ్మరి ఇనుప పట్టాను కాల్చి ఎక్కించినట్టు, పైన ఉక్కు తొడుగును వేడి చేసి బిగిస్తారు. ఆ ఉక్కులో క్రోమియం, మాలిబ్డినం, వెనేడియం కలుస్తాయి. అయినా ప్రతి చుట్టులోనూ కాలి, చల్లారి, కాలి, చల్లారి, చివరికి మన ఎండిన చెరువు నేల మాదిరి పగుళ్ళిస్తుంది. ఆ పగుళ్ళ అచ్చు రేకు మీద పడుతుంది. అప్పుడు తొడుగును మిషను మీద చెక్కి నునుపు చేయాలి. లోహం అంటుకోకుండా గ్రాఫైటు కలిపిన నీళ్ళు చల్లుతారు.

రాగి మిశ్రమాల తొడుగులూ వాడి చూశారు. రాగి వేడిని త్వరగా లాగేస్తుంది కాబట్టి రేకు వేగంగా వస్తుంది. కానీ రాగి మెత్తన, ఖరీదు కూడా ఎక్కువ. ఒక గుణం కావాలంటే ఇంకొకటి వదులుకోవాల్సిందే.

ఉక్కులో ఏం కలపాలనే తెలివి మనవాళ్ళకు కొత్త కాదు. తెలంగాణలోని కోనసముద్రంలో మూసలో ఉక్కు చేసేవారు. దాని కోసం పర్షియా వర్తకులు అంత దూరం వచ్చేవారు. ఇంగ్లీషువాళ్ళు ‘వుట్జ్’ అన్న ఆ మాట ‘ఉక్కు’ నుంచే వచ్చిందంటారు. తెలుగులోనూ కన్నడలోనూ అది ఉక్కే.

ఎస్.ఎస్.ఎల్.సి. తర్వాత ఐ.టి.ఐ.లో టర్నరు, మెషినిస్టు నేర్చుకునేవాళ్ళను మన ఊళ్ళల్లో చిన్నచూపు చూస్తారు. చదువు రాకపోతేనే అక్కడికి పోతారని అంటారు. కానీ పగిలిన రోలరును వెంట్రుక వాసి తేడా లేకుండా చెక్కేది అట్లాంటి చేతులే. బెస్సెమర్ ఆలోచన సుమారు నూరేళ్ళు ఆగింది. సరైన లోహం, దాన్ని నునుపు చేసే పనివాడు దొరికాకే అది మన పొట్లం దాకా వచ్చింది. తల్లిదండ్రులు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలని నా మనవి.