కాలిన గాయాల చికిత్స: చర్మం నుంచి శరీరానికి

సుశ్రుత సంహిత సూత్రస్థానంలోని 12వ అధ్యాయం అగ్నికర్మను వివరిస్తుంది. ప్లుష్టం, దుర్దగ్ధం, సమ్యగ్దగ్ధం, అతిదగ్ధం అని కాలిన గాయాలను అది నాలుగు విధాలుగా విభజించింది. వీటిని ఆధునిక వైద్యం చెప్పే స్థాయిలతో సమానంగా చూపడం పరిపాటి అయింది. ఆ పోలిక పూర్తిగా నిలవదు. సమ్యగ్దగ్ధమంటే ‘సరిగా కాలినది’. వైద్యుడు చికిత్స కోసం తానే కాల్చినప్పుడు గాయం ఏ మేరకు ఉండాలో చెప్పే ప్రమాణం అది. తాటిపండు రంగు దాని గుర్తు. కేవలం ప్రమాదాలను ఉద్దేశించి చేసిన వర్గీకరణ కాదిది.

పోలికల వేటలో మరుగున పడిన అంశం మరొకటి ఉంది. అతిదగ్ధ లక్షణాలలో సిరలు, స్నాయువులు, కీళ్ళు, ఎముకలు దెబ్బతినడంతోపాటు జ్వరం, దాహం, మూర్ఛ కూడా ఉన్నాయి. పొగ పీల్చినవారి లక్షణాలు, చికిత్స ఆ అధ్యాయంలోనే వస్తాయి. కాలిన చోటును దాటి శరీరమంతటా వ్యాపించే బాధను గ్రంథకర్త గమనించాడు. కారణాన్ని మాత్రం రక్తపిత్తాల ప్రకోపంలో చూశాడు. ఆ దాహాన్ని ద్రవనష్టంగా గుర్తించాడనడం అతిశయోక్తే.

ఐరోపాలో 1607లో ఫాబ్రీ మూడు స్థాయిలను, 1832లో డ్యూపిట్రాన్ ఆరు స్థాయిలను చెప్పారు. ఇద్దరి కొలమానమూ గాయపు లోతే. చర్మం కొద్దిగానే కాలినవారు కూడా కొన్ని గంటల్లో ఎందుకు మరణిస్తున్నారన్న ప్రశ్నకు లోతు ఒక్కటే సమాధానం కాలేదు.

1921లో అమెరికాలోని న్యూహేవెన్‌లో రియాల్టో థియేటర్ తగలబడింది. క్షతగాత్రులను పరిశీలించిన యేల్ శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ అండర్‌హిల్, బొబ్బలలోని నీరు రక్తపు ప్లాస్మాను పోలి ఉందని గుర్తించాడు. మరణానికి విషం కన్నా ద్రవనష్టమే ముఖ్య కారణమని వాదించాడు. అయినా విషవాదం సమసిపోలేదు. 1925లో డెట్రాయిట్‌లో డేవిడ్‌సన్ గాయంపై టానిక్ ఆమ్లం చల్లే పద్ధతిని ప్రవేశపెట్టాడు. కాలిన కణజాలంలోని విషం ఒంట్లోకి వెళ్ళకుండా గట్టి పెచ్చు అడ్డుకుంటుందన్నది ఆయన ఆలోచన. తంగేడు చెక్కతో తోళ్ళను పదును చేయడం చూసినవారికి ఇది వింతగా తోచదు. నొప్పి తగ్గడం, గాయం ఊరడం ఆగడం కంటికి కనిపించాయి కనుక ఈ పద్ధతి త్వరగా వ్యాపించింది. సిద్ధాంతం తప్పయినా ఫలితం కొంత కనిపించడమే దాని ఆయుష్షును పెంచిందని నా అభిప్రాయం. ఈ ఆమ్లానికీ కాలేయం దెబ్బతినడానికీ సంబంధం ఉందని తరవాత తేలింది.

1942 నవంబరు 28న బోస్టన్‌లోని కోకోనట్ గ్రోవ్ నైట్‌క్లబ్ అగ్నిప్రమాదంలో 492 మంది మరణించారు. వారిలో అనేకుల ఒంటిపై ప్రాణాంతకమైన గాయాలు లేవు. పొగే వారిని చంపింది. మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఆలివర్ కోప్ టానిక్ ఆమ్లాన్ని పక్కనపెట్టి, పెట్రోలియం జెల్లీ పూసిన మెత్తని గాజుగుడ్డతో కట్లు కట్టించాడు. గాయం మీది పూత ప్రాధాన్యం తగ్గి, ప్లాస్మా ఎక్కించడం, శ్వాసమార్గాన్ని కాపాడటం ముందుకు వచ్చాయి. కాలిన విస్తీర్ణాన్ని వయసునుబట్టి లెక్కించే లండ్–బ్రౌడర్ పటం 1944లో వెలువడింది.

1968లో చార్లెస్ బాక్స్‌టర్ ప్రతిపాదించిన పార్క్‌లాండ్ సూత్రం ఈ మార్పును అంకెల్లోకి తెచ్చింది. కిలో బరువుకు, కాలిన ప్రతి శాతానికి 4 మిల్లీలీటర్ల చొప్పున రింగర్ లాక్టేట్ ఇవ్వాలి. 60 కిలోల మనిషి ఒళ్ళు 30 శాతం కాలితే మొదటి 24 గంటలకు 7,200 మిల్లీలీటర్లు అవుతాయి. అందులో సగం తొలి 8 గంటల్లో ఎక్కించాలి. ఆ గంటలను రోగి ఆసుపత్రికి చేరిన క్షణం నుంచి కాక, కాలిన క్షణం నుంచి లెక్కించాలి.