పది గోల్స్ తర్వాత రహీం సాబ్ ఏం చేశారు

మన సంఘం సావనీర్లలో సేవాలాల్ మహరాజ్ చరిత్ర, తీజ్ పండుగ, తండాలు గ్రామ పంచాయతీలైన సంగతి ఎక్కువగా రాస్తుంటారు. అవి రాయవలసినవే. ఈసారి మేము ఫుట్‌బాల్ చరిత్ర రాస్తామంటే కొందరు పెద్దలు నవ్వారు. తండాకు, ఫుట్‌బాల్‌కు ఏం సంబంధం అన్నారు.

సంబంధం ఉంది. మన నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండా బిడ్డ గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడుతోంది. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్ ఆమెను తీసుకుంది. 2024-25లో ఆమె ఆడిన ఈస్ట్ బెంగాల్ జట్టు ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. ఆ సీజన్‌కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఇచ్చే ఉత్తమ క్రీడాకారిణి అవార్డు కూడా ఆమెకే వచ్చింది. మాక్లూర్‌లో మా హాస్టల్ గోడ మీద పిల్లలు ఆమె ఫొటో అంటించుకున్నారు.

గెలిచినవాళ్ల ఫొటోలు అందరూ అంటించుకుంటారు. చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఓడినవాళ్ల గురించి. చిన్న వయసు ఆటగాళ్లు చిత్తుగా ఓడి వచ్చినప్పుడు వాళ్లను మళ్లీ మైదానంలోకి దింపేది ఎట్లా? దీనికి జవాబు కోసం దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్‌లోనే ఒక బడిపంతులు చేసి చూపించారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో వచ్చిన హిందీ సినిమా ‘మైదాన్’ చూసినవాళ్లకు పేరు తెలిసే ఉంటుంది. సినిమా అన్నాక కొంత కల్పన కలుస్తుంది. ఇక్కడ జరిగిన సంగతులే రాస్తున్నాం.

రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో డిగ్రీ చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేశారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. అప్పుడు మన నిజామాబాద్, బోధన్ కూడా హైదరాబాద్ రాష్ట్రంలోనివే కాబట్టి ఆ కప్పుల్లో మనకూ కొంత వాటా ఉందని మేము అనుకుంటాం. 1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో భారత జట్టుకూ ఆయనే కోచ్. ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చారు.

ఆ తర్వాత పదహారు నెలలకు హెల్సింకీ ఒలింపిక్స్. 1952 జూలై 15న యుగోస్లావియా మన జట్టును 10-1తో ఓడించింది. ఆ ఒక్క గోల్ అహ్మద్ ఖాన్ కొట్టారు. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా, కాళ్లకు కట్లు కట్టుకొని ఆడారు. ఎదుటివాళ్లు మామూలు జట్టు కాదు, ఆ ఒలింపిక్స్‌లో రజతం గెలిచినవాళ్లు. అయినా పది గోల్స్ అంటే పది గోల్సే. ఆసియా బంగారం మెడలో వేసుకొని పోయిన జట్టు ఒక్క మ్యాచ్‌తో ఇంటిదారి పట్టింది.

ఇట్లాంటి రోజున కోచ్ ముందు రెండు సులభమైన దారులుంటాయి. ఆటగాళ్లను తిట్టడం ఒకటి. ‘పోనీలే, అదృష్టం బాగాలేదు’ అని ఊరడించడం రెండోది. టీచర్లుగా మేము రెండూ చూస్తూనే ఉంటాం. పరీక్షలో తప్పిన పిల్లకు తిట్టు వల్ల వచ్చేదేమీ లేదు, ఊరడింపు కూడా రెండు రోజుల కంటే ఎక్కువ నిలవదు. రహీం ఓటమిని విప్పి చూశారు. పది గోల్స్‌లో కాళ్లది ఎంత, బూట్లది ఎంత, ఆడిన పద్ధతిది ఎంత? మన జట్టు అప్పటికి పాత పద్ధతిలో వెనక ఇద్దరు బ్యాక్‌లతో ఆడుతుండేది. యూరప్ జట్లు వెనక ముగ్గురిని నిలిపి, ముందున్నవాళ్లు చోట్లు మార్చుకుంటూ ఆడుతున్నాయి. హెల్సింకీ తర్వాత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. రహీం వెనక మూడో మనిషిని నిలిపారు. చేతకానివాడివి అన్న మాటకు ఏ మందూ లేదు. బూట్లు లేవు, వెనక ఒక మనిషి తక్కువ అన్న మాటకు మందు ఉంది, రేపు పొద్దున్నే మొదలుపెట్టొచ్చు.

ఇంకో సంగతి మాకు చాలా నచ్చింది. హెల్సింకీ జట్టులోని అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులోనూ ఉన్నారు. చాలామంది మారిపోయారు, నిజమే. కానీ ఆ జట్టులో ఉన్నాడన్న ఒక్క కారణంతో ఎవరి పేరూ కొట్టెయ్యలేదు. ఆటగాడికి తన మీద నమ్మకం రావాలంటే ఉపన్యాసం కంటే మళ్లీ లిస్టులో పేరు కనిపించడం ఎక్కువ పని చేస్తుంది.

హైదరాబాద్‌లో చిన్నపిల్లల కోసం రహీం పెట్టిన పోటీలు వినండి. ఒక టోర్నమెంట్‌లో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి కాలికి తగిలిన వెంటనే పక్కవాడికి ఇవ్వాలి, నేనే తీసుకుపోతానంటే కుదరదు. ఇంకో దాంట్లో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం వాడు ఎడమకాలితో, ఎడమకాలి వాటం వాడు కుడికాలితో. దీని వల్ల రెండు కాళ్లూ అలవాటవుతాయనేది పైకి కనిపించే లాభం. మాకు కనిపించిన లాభం వేరే ఉంది. బలహీనమైన కాలితో ఆడేటప్పుడు బస్తీలో పేరున్న ఆటగాడు కూడా బంతిని తప్పుతాడు. అందరూ తప్పుతారు, అందరూ నవ్వుతారు. పొరపాటు చేస్తే పరువు పోతుందన్న భయం అక్కడ ఉండదు.

ఈ సంగతి తెలిశాక మేము మా హాస్టల్‌లో శనివారం సాయంత్రాలు ఎడమకాలి మ్యాచ్ పెట్టాం. మొదటి రోజు స్కోరు రాసే పాప కూడా నవ్వు ఆపుకోలేక రాయడం మానేసింది.

నవ్వులాట ఎందుకంటే, దానికి వెనక ఒక బాధ ఉంది. మా దగ్గర తొమ్మిదో తరగతి పాప ఒకతె గోల్‌కీపర్‌గా ఆడేది. ఒక టోర్నీలో ఏడు గోల్స్ పడ్డాయి. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. గోల్స్ పడింది ముందున్న పదిమంది దాటుకొని వచ్చిన తర్వాతే కదా అని ఎంత చెప్పినా వినలేదు. మాట తండాకు చేరింది. ‘ఓడనీకే పంపాల్నా? ఆటలు కూడు పెడ్తయా?’ అని దసరా సెలవుల్లో ఇంట్లోవాళ్లు ఖరారు చేశారు. చదువు ఆగలేదు, అదొక్కటి మేలు. ఆట మాత్రం ఆగిపోయింది. మన ఆడపిల్లలకు ఒక్క ఓటమి చాలు, అదే సాకై ఆట మాన్పిస్తారు. మగపిల్లలకు అంత త్వరగా మాన్పించరు. ఈ తేడా మన సంఘంలో మాట్లాడుకోవలసిందే.

మళ్లీ రహీం దగ్గరికి వస్తాం. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే కుర్రవాడు ఉండేవాడు. పేద ఇల్లు. రహీం అతని ఆట చూసి నగరానికి శిక్షణకు రమ్మన్నారు. అంత దూరం రోజూ వచ్చిపోవడానికి చేతిలో డబ్బుల్లేవని అతను చెబితే, సైకిల్ అద్దెకు ఏర్పాటు చేశారు. బలరాం పెద్దయ్యాక కూడా ఈ సంగతి చెప్పుకునేవారు. మాక్లూర్ నుంచి నిజామాబాద్‌కు సైకిల్ తొక్కుకుంటూ పోయొచ్చే మన పిల్లలకు ఇందులో ఉన్న మేలు విడమరిచి చెప్పనక్కర్లేదు. నీ మీద నాకు నమ్మకం ఉంది అని నోటితో అనడం ఒక ఎత్తు, సైకిల్ అద్దె కట్టడం ఇంకో ఎత్తు.

1956 మెల్‌బోర్న్ జట్టులో ఆ బలరాం, పీకే బెనర్జీ లాంటి ఇరవై ఏళ్ల చుట్టుపక్కల కుర్రాళ్లున్నారు. సొంత గడ్డ మీద ఆడుతున్న ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. అందులో మూడు గోల్స్ నెవిల్ డిసౌజావి. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. సెమీఫైనల్లో ఎదురైంది ఎవరనుకున్నారు? అదే యుగోస్లావియా. సగం ఆట అయ్యేసరికి 0-0. రెండో సగం మొదట్లో నెవిల్ గోల్ కొట్టి మన జట్టును ముందుకు తెచ్చాడు. పది గోల్స్ వేసిన జట్టు మీద, కొద్ది నిమిషాలే అయినా, మనవాళ్లు ముందున్నారు. తర్వాత వాళ్లు వరసగా గోల్స్ వేశారు, ఒకటి మనవాడి కాలికి తగిలే మన గోల్‌లో పడింది. 4-1తో ఓడిపోయాం. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0. నాలుగో స్థానం.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ, ఫ్రాన్స్, పెరూ ఉన్న గ్రూపులో పడ్డాం. హంగరీతో 2-1 ఓటమి, బలరాం ఒక గోల్ వేశాడు. ఫ్రాన్స్ మీద పీకే గోల్‌తో ముందుండి, చివరి పది నిమిషాల్లో సమానం చేయించుకున్నాం. పెరూ చేతిలో 3-1. పట్టికలో అడుగున నిలిచాం. పట్టిక మాత్రమే చూసేవాళ్లకు హెల్సింకీ, రోమ్ ఒకటే, రెండుసార్లూ ఇంటికి వచ్చారు. లెక్క తెలిసిన పంతులు 10-1ని, 4-1ని, 2-1ని వరుసలో పెట్టి చూస్తాడు. గణితం చెప్పే మా సహోద్యోగిని ఒకరు ఇది చదివి, ‘మార్కులు కాదు, తేడా చూడాలి’ అన్నారు. ఆమె అన్నదే సరైన మాట.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. రహీం అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఉన్నారు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. రెండో మ్యాచ్‌లో థాయ్‌లాండ్‌ను 4-1తో గెలిచారు కానీ, వెనక గోడలా నిలిచే జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. జపాన్ మీద అతను లేకుండానే 2-0తో గెలిచారు. సెమీఫైనల్‌కు కుట్లు పడ్డ తలతో జర్నైల్‌ను ఎక్కడ ఆడించాలి? అతను కాలేజీ రోజుల్లో ఫార్వర్డ్‌గా ఆడినవాడు. రహీం అతన్ని ముందుకు పంపారు. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచిన ఆ మ్యాచ్‌లో ఒక గోల్ అతనిదే, రెండు కెప్టెన్ చునీ గోస్వామివి. గాయపడ్డవాడిని బెంచీ మీద కూర్చోబెట్టి జాలి పడడం కాకుండా, ఆ గాయంతో అతను చేయగలిగిన పని వెతికి ఇచ్చారు. మాకు తెలిసి పిల్లల్ని నిలబెట్టడంలో అసలు కష్టమైన పని ఇదే. ఒక్కొక్క పిల్లనూ విడిగా ఎరిగి ఉండాలి, వాళ్లు మరిచిపోయిన పాత ఆట కూడా మనకు గుర్తుండాలి.

ఫైనల్ సెప్టెంబర్ 4న, మళ్లీ దక్షిణ కొరియాతోనే. స్టేడియంలో లక్ష మంది దాకా జనం, దాదాపు అందరూ మనకు వ్యతిరేకం. తైవాన్, ఇజ్రాయెల్ జట్లను ఇండోనేషియా రానివ్వనందుకు జి.డి. సోంధి అనే భారతీయ క్రీడాధికారి విమర్శించారు. ఆ కోపం మన ఆటగాళ్ల మీద పడింది. మన జాతీయగీతం వచ్చినప్పుడు కూడా గోల చేశారు. పాకిస్తాన్ హాకీ జట్టు ఆటగాళ్లు మాత్రం మనవాళ్లను ప్రోత్సహించారని ఆ రోజు ఆడినవాళ్లు తర్వాత గుర్తు చేసుకున్నారు. ముందురోజు రాత్రి కుర్రాళ్లకు నిద్ర పట్టలేదు. రహీం పెద్ద ఉపన్యాసమేమీ ఇవ్వలేదు, నాకొక కానుక కావాలి, రేపు బంగారం గెలిచి ఇవ్వండి అని అడిగారని వాళ్లు చెప్పుకున్నారు. ఆ అడగడంలో ఉన్న నమ్మకం చూడండి. పది రోజుల క్రితం 2-0తో ఓడినవాళ్లను అడుగుతున్నారు.

ఫ్లూతో పడి లేచిన తంగరాజ్ గోల్‌కీపర్‌గా దిగాడు. కాలికి దెబ్బ ఉన్నా త్రిలోక్ సింగ్ ఆడాడు. పీకే ఒక గోల్, తలకు కట్టుతో జర్నైల్ ఒక గోల్, ఇరవై నిమిషాల్లో రెండు. చివర్లో కొరియా ఒకటి తిరిగి ఇచ్చింది. 2-1. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత పురుషుల జట్టుకు ఆ తర్వాత ఇంతవరకు బంగారం రాలేదు.

రహీం 1963 జూన్ 11న హైదరాబాద్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు. సిటీ పోలీస్ జట్టుకు చివరిదాకా ఆయనే కోచ్. ఆయన దగ్గర ఆడిన పీకే బెనర్జీ తర్వాత తానే కోచ్‌గా మారి, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన భారత జట్టుకు శిక్షణ ఇచ్చిన ఇద్దరిలో ఒకరయ్యారు.